మూడు చోట్ల తిమ్మప్ప

శుక్రవారం మధ్యాహ్నం తొమ్మిదో అంతస్తులో కేకు కోశారు. పిస్తా రంగు కేకు. ఆ టీములో అదో ఆచారం. గోడమీది పెద్ద తెరలో గడులన్నీ పచ్చబడిన రోజున మేనేజరు గిరీష్ కేకు తెప్పిస్తాడు, అదీ పచ్చదే తెప్పిస్తాడు. కొండాపూర్‌లో బేకరీ నడిపే మనిషికి ఎంత అలవాటైపోయిందంటే, ఫోనెత్తగానే పచ్చగైందా సార్ అని అతనే అడుగుతాడట. ఈ మాట గిరీష్ ప్రతిసారీ చెబుతాడు, ప్రతిసారీ అందరూ నవ్వుతారు.

ఆ తెరలో కనిపించేది సముద్రం మీద పనిచేసే మనుషుల ప్రాణం. ఆ అంతస్తులో ఎవరూ అలా అనరు గానీ విషయం అదే. కాకినాడ తీరానికి బాగా దూరంగా, నీళ్ళ మధ్య ఇనుప కాళ్ళమీద నిలబడ్డ చమురు ప్లాట్‌ఫారాలు ఏడున్నాయి. ఒక్కో ప్లాట్‌ఫారానికి తెరమీద ఒక్కో వరస. గ్యాసు లీకైతే పసిగట్టి గంట కొట్టే డిటెక్టరుకి ఒక గడి. మంటలు లేస్తే దానంతటదే తిరగాల్సిన నీళ్ళ పంపుకి ఒక గడి. పైపులో గ్యాసుని మూసేసే వాల్వుకి ఒక గడి. ప్రమాదానికీ మనుషులకీ మధ్య అడ్డుగోడల్లా నిలిచే ఇలాంటి ఏర్పాట్లని బారియర్లంటారు. బాగుంటే గడి పచ్చ, చెడిపోతే ఎరుపు. చెడిపోయినదాన్ని బాగుచేసేదాకా దాని బదులు వేరే ఏర్పాటు చేశామని ప్లాట్‌ఫారం వాళ్ళు చెబితే, గచ్చిబౌలిలో కూర్చున్న ఈ టీము ఆ గడిని మళ్ళీ పచ్చ చేస్తుంది. ఆ వేరే ఏర్పాటు దాదాపు ఎప్పుడూ ఒక మనిషే. డిటెక్టరు పనిచేయకపోతే చేతిలో చిన్న మీటరు పట్టుకుని ఒక మనిషి నిలబడతాడు. పంపు దానంతటది తిరగకపోతే స్విచ్చు దగ్గర ఒక మనిషి నిలబడతాడు. మనిషిని నిలబెట్టడం కంటే సులువైన రిపేరు లేదు కదా.

ఏది పచ్చ, ఏది ఎరుపు అని సాఫ్ట్‌వేర్‌కి చెప్పే నిబంధనలు పుణ్యవతి చేతిలో ఉంటాయి. ఆమె ఒక మార్పు పెడితే మహేందర్ చదివి ఆమోదించాలి, మహేందర్ పెడితే ఆమె చదవాలి. ఇద్దరు చూడనిదే ఏదీ అమల్లోకి రాకూడదని ప్లాట్‌ఫారాల సొంతదారైన క్లయింటు పెట్టిన షరతు అది. జనగామ నుంచి వచ్చిన మహేందర్ చురుకైనవాడు, మంచివాడు. చదవడు, అంతే. ఆ శుక్రవారం కూడా ఎడమచేతిలో కేకు ప్లేటు పట్టుకుని కుడిచేత్తో వరసగా ఆమోదం నొక్కుతున్నాడు.

"మీరు పెట్టినంక ఇగ అండ్ల చూసేదేముంటది మేడం," అన్నాడు ఆమె చూపు గమనించి.

పుణ్యవతి ఏదో అనబోయింది. అంతలో గిరీష్ అందర్నీ ఫోటోకి పిలిచాడు. ఫోటోలో అందరి వెనకా తెర నిగనిగలాడుతూ పడింది. ఆమె చేతిలోనూ కేకు ముక్క ఉంది.

సోమవారం పొద్దున కేకు సంగతి ఎవరూ ఎత్తలేదు. శనివారం మధ్యాహ్నం మత్స్య-బి అనే ప్లాట్‌ఫారం మీద గ్యాసు లీకైంది. గ్యాసుని ఒత్తిడితో పంపే కంప్రెసరు దగ్గర పైపు అతుకొకటి సడలింది. అక్కడుండే డిటెక్టరు నెలల తరబడి చచ్చి పడి ఉంది కాబట్టి గంట మోగలేదు. మెట్లమీద పెయింటు వేస్తున్న ఒకతను కళ్ళు తిరిగి కింది అంతస్తులోకి పడ్డాడు, తుంటి ఎముక విరిగింది. ఆ చప్పుడుకి పరుగెత్తుకొచ్చినవాళ్ళకి వాసన తగిలింది. అప్పుడు ఆపారు కంప్రెసరుని. దగ్గర్లో నిప్పురవ్వ లేచే పనేదీ జరగడం లేదు, గాలి సముద్రంవైపు కొడుతోంది, అందువల్ల మిగిలినవాళ్ళు బతికి ఉన్నారు. మత్స్య-బి మీద ఆ రోజు సరిగ్గా పనిచేసిన బారియరు గాలి ఒక్కటే. దానికి తెరమీద గడి లేదు.

ప్లాట్‌ఫారం నుంచి నివేదిక అప్పటికే వచ్చేసింది. మనిషి పడ్డ రెండో రోజుకే కారణం కూడా తేలిపోయింది. తిమ్మప్ప అనే కాంట్రాక్టు మనిషి మీటరు పట్టుకుని కంప్రెసరు దగ్గర కాపలా ఉండాలి, ఉండకుండా వెళ్ళిపోయాడు, అతన్ని తీసేశారు, కొత్త మనిషిని పెట్టారు, అతుకు బిగించి కంప్రెసరుని మళ్ళీ నడుపుతున్నారు. ఇదీ సారాంశం. గిరీష్ పుణ్యవతిని తన గదిలోకి పిలిచి చేయాల్సిన పని చెప్పాడు. కొత్త మనిషి పేరు పడగానే గడి ఎటూ పచ్చబడింది, ఇక ఈ సంఘటనని మానవ తప్పిదం కింద వేసి, సంతకం చేసి మూసేయాలి. బుధవారం క్లయింటుతో రివ్యూ ఉంది. అప్పటికి తెర శుభ్రంగా ఉండాలి.

తిమ్మప్ప ఎక్కడికి వెళ్ళాడని ఆమె అడిగింది.

గిరీష్ నివేదికలో వెతికి, కింద పంపు గదికి వెళ్ళి కూర్చున్నాడట అని చెప్పాడు. "అయినా అది మనకెందుకు పుణ్యవతి గారూ? మనం రంగు చూపిస్తాం. మనుషుల్ని చూసుకునేది వాళ్ళు."

ఆమె సీటుకి తిరిగొచ్చింది గానీ పంపు గది అన్న మాట బుర్రలోంచి పోలేదు. ఈ ఉద్యోగానికి ముందు ఆమె ఒక ఎరువుల ఫ్యాక్టరీలో పరికరాలు చూసేది. పంపు గది అంటే ఏమిటో తెలుసు. డీజిలు ఇంజను వేడికి గోడలు కాలుతుంటాయి, చెవులకి బిరడాలు లేకుండా నిలవలేరు. విశ్రాంతికని ఎవరూ పోయే చోటు కాదది. అలసిన మనిషి నీడకి పోతాడు, గాలికి పోతాడు. పంపు గదికి ఎందుకు పోతాడు? ప్లాట్‌ఫారానికి ఫోన్ చేస్తే అక్కడి సూపర్‌వైజరు విసుగ్గా, ఆ మనిషి ఇక్కడ లేడు మేడం, బాలానగర్‌లో వాళ్ళ కాంట్రాక్టరు ఆఫీసుకి పంపేశాం, హెల్మెట్టూ బూట్లూ అప్పగించి ఇంటికి పోతాడు, అని పెట్టేశాడు.

సాయంత్రం నల్లగండ్లలో ఇల్లు చేరేసరికి ఆమెకి తల పగిలిపోతోంది. పొయ్యిమీద పాలు పెట్టింది, పక్కన కుక్కరు పెట్టింది. పాలు చూడమనీ, కుక్కరు మూడు కూతలు వేయగానే కట్టేయమనీ, నీళ్ళ క్యానువాడు వస్తే తలుపు తీయమనీ భర్తకి చెప్పి స్నానానికి వెళ్ళింది. వచ్చేసరికి పాలు పొంగి పొయ్యంతా పారాయి. భర్త ఖాళీ క్యాను చేత్తో పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. ఒక్క పని చెబితే చేయలేరా అని ఆమె గొంతు పెంచింది.

"ఒక్క పనా? తలుపు నువ్వే కదా తీయమన్నావు," అన్నాడాయన, కోపం కూడా లేకుండా.

పుణ్యవతి గుడ్డ తీసుకుని పొయ్యి తుడవడం మొదలుపెట్టింది. సగం తుడిచి ఆగిపోయింది. రేపు బాలానగర్ వెళ్ళాలనుకుంది.

బాలానగర్‌లో కాంట్రాక్టరు ఆఫీసు ఒక లేతు షెడ్డుపైన ఉంది. కింద ఇనుము కోస్తున్న చప్పుడుకి మెట్లు సన్నగా అదురుతున్నాయి. ఆ మెట్లమీదే కూర్చుని ఉన్నాడు తిమ్మప్ప. నలభై దాటిన మనిషి, ఎండకి కమిలిన మొహం, ఒళ్ళో గుడ్డసంచీ. చొక్కా పైబొత్తాం ఊడి ఉంది, మెడ పక్కన మీటరు పట్టీ రాసుకున్న చోట చర్మం తెల్లగా గీతలా కనిపిస్తోంది. హెల్మెట్టు, బూట్లు, గుర్తింపు కార్డు అన్నీ అప్పగించేశాడు. ఇక ఏ ప్లాట్‌ఫారం మీదికీ రానివ్వరని పైన చెప్పారట. మధ్యాహ్నం అనంతపురం మీదుగా మడకశిర పోయే బస్సు చూసుకోవాలి. ఆమె ఎవరో చెప్పగానే లేచి నిలబడ్డాడు. ఎంత చెప్పినా కూర్చోలేదు. చివరికి ఎదురుగా ఉన్న టీ బండి దగ్గరికి తీసుకెళ్ళింది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు గానీ తాగలేదు.

శనివారం పంపు గదికి ఎందుకు వెళ్ళావని అడిగింది.

"నేను యాడికీ పోలేదు మేడం. పంపు కాడ ఉండమనిరి, పంపు కాడ ఉంటి."

మీటరు పట్టుకుని పైన కంప్రెసరు దగ్గర ఉండాలి కదా అంది.

"పైనా ఉండమనిరి. వాల్వు కాడా ఉండమనిరి. పొద్దన్నే పైన ఉంటి. ఆపొద్దు పంపు తిప్పి సూస్తామని కిందికి రమ్మనిరి, పోతి. అది అయినాక వాల్వు కాడికి పోవాల. అంతలో ఇట్లాయె."

అతను ఒక్కోచోటూ చెబుతుంటే ఆమె కళ్ళముందు తెరమీది గడులు ఒక్కొక్కటీ కదిలాయి. డిటెక్టరు బదులు తిమ్మప్ప. పంపు బదులు తిమ్మప్ప. వాల్వు బదులు తిమ్మప్ప. గడులు మూడు, మూడూ పచ్చ. మనిషి ఒక్కడు. ఒక్కో గడినీ ఒక్కొక్కరు చూస్తారు. ఇక్కడ మనిషి ఉన్నాడా అని అడుగుతారు, ఉన్నాడంటారు, నొక్కేస్తారు. వాడే ఇంకోచోట కూడా ఉన్నాడా అని అడిగే పని ఆఫీసులో ఎవరికీ అప్పగించలేదు. సాఫ్ట్‌వేర్‌కి అసలే లేదు.

ముగ్గురి పని ఒక్కడికి ఎందుకిస్తున్నారని ఎవరినీ అడగలేదా అంది పుణ్యవతి.

తిమ్మప్ప మొదటిసారి కొంచెం నవ్వాడు. ఆ నవ్వులో సిగ్గుంది. "సూపర్‌వైజరుకి నామీద నమ్మకం అనుకుంటి మేడం. నమ్మకం ఉంటేనే గదా మూడు సోట్లు ఇచ్చేది. ఇంటికి ఫోన్ జేసి అదే సెప్తి."

పుణ్యవతికి ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీదో చెప్పలేనంత మంట. సూపర్‌వైజరు మీద, గిరీష్ మీద, ఆ పచ్చకేకు మీద, దాన్ని తిన్న తన నోటిమీద. చెడిపోయిన యంత్రానికి రిపేరు చేయడానికి మనసొప్పక మనిషిని తెచ్చి అతికించారు. ఆ మనిషి దాన్ని గౌరవమనుకుని ఇంటికి ఫోన్ చేసి చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ గౌరవాన్నే నేరం చేసి అతని నెత్తిన రుద్ది, చేతులు దులుపుకుంటున్నారు.

ఆమె ఇవేవీ అతనితో అనలేదు. మెట్లమీంచి పడ్డ పెయింటరు లేచి కూర్చుంటున్నాడా అని అతను అడిగితే, కాకినాడలో ఆపరేషన్ అయిందని చెప్పింది. అతను తల ఊపాడు. టీ చల్లారిపోయింది. గ్లాసు బండిమీద పెట్టేసి, వెళ్ళబోతున్న ఆమెని ఆపి, ఇంకో మాట అడిగాడు.

"నన్ను తీసేసిరి, సరే. ఇప్పుడు ఆడ ఎవురు నిలబడిండారు మేడం?"

గచ్చిబౌలికి తిరిగొచ్చాక పుణ్యవతి భోజనానికి కూడా లేవలేదు. మత్స్య-బి వరస తెరిచి, డిటెక్టరు గడి నొక్కి, దాని లోపలి పేజీలోకి వెళ్ళింది. కాపలా మనిషి పేరు సత్తిరాజు. పంపు గడి తెరిచింది. సత్తిరాజు. వాల్వు గడి. సత్తిరాజు. తిమ్మప్పని తీసేసిన పూటే మూడుచోట్లా ఈ పేరు పెట్టేశారు. మూడు గడులూ నిర్మలంగా పచ్చగా ఉన్నాయి, ఏమీ జరగనట్టు. ఆమె సంతకం కోసం తిమ్మప్ప తప్పిదం ఒక్కటే ఎదురుచూస్తోంది.

గిరీష్ గదికి వెళ్ళి చెప్పింది. అతను విన్నాడు. వినడంలో అతనికి మంచి పేరుంది. ఇది ప్లాట్‌ఫారం వాళ్ళు సరిచూసుకోవాల్సిన విషయమనీ, రివ్యూ అయ్యాక మర్యాదగా ఒక మెయిలు పెడదామనీ, ఇప్పుడు కదిలిస్తే క్లయింటు ముందు అందరం దోషులుగా నిలబడతామనీ నెమ్మదిగా చెప్పాడు. ఆ తిమ్మప్ప మీ మడకశిర వైపు మనిషేనని ఆమె అంటే, మావైపు నుంచి ఎంతమందో వస్తుంటారు అన్నాడు, ల్యాప్‌టాప్ వైపు తిరిగిపోతూ.

పుణ్యవతి తన సీటులో కూర్చుని ఒకే ఒక నిబంధన రాసింది. ఒక మనిషి పేరు ఒక సమయంలో ఒక్క చోటే ఉండాలి. రెండోచోట కనిపిస్తే, ఆ పేరున్న గడులన్నీ ఎరుపు. అంతే. ఇన్నేళ్ళుగా ఇది లేకుండా ఎలా నడిచిందో ఆమెకి అర్థం కాలేదు. ఈ నిబంధన రాయడం ఆమె ఉద్యోగమే, అందులో దొంగతనమేమీ లేదు. పంపించి, తలెత్తి, ఎదురు వరసలో ఉన్న మహేందర్‌తో చదివి నొక్కమని గట్టిగానే చెప్పింది.

అతను హెడ్‌ఫోన్ ఒక చెవినుంచి తీశాడు, సరేనన్నట్టు బొటనవేలు చూపించాడు. మరుక్షణం ఆమె తెరమీద ఆమోదించినట్టు వచ్చింది. అంత వేగంగా చదివే మనిషి భూమ్మీద లేడు. ఆమె మళ్ళీ పిలిచి, మహేందర్, చదివావా అంది. చదవకుండ ఎట్ల నొక్కుత మేడం అని నవ్వాడు. పుణ్యవతి కాసేపు అతన్నే చూసింది. ప్రమాదాలు ఇలాగే వస్తాయి, మంచివాళ్ళ చేతులమీదుగా. కానీ ఈ ఒక్కసారికి ఆమె వెనక్కి తీసుకోలేదు. కొత్త నిబంధనలు మర్నాడు పొద్దున తెర రిఫ్రెష్ అయినప్పుడు అమల్లోకి వస్తాయి.

బుధవారం రివ్యూకి అందరూ ఇస్త్రీ చొక్కాలతో వచ్చారు. కాకినాడ నుంచి క్లయింటు తరఫున భద్రతా విభాగం పెద్ద యజ్ఞనారాయణ గారు వీడియోలో కూర్చున్నారు. నెరిసిన జుట్టు, సన్నగా మాట్లాడే మనిషి. గిరీష్ గడచిన మూణ్ణెల్ల పనితీరు గురించి చెబుతూ, ఇక తెర చూద్దామని వెనక్కి తిరిగాడు. తెర రిఫ్రెష్ అవుతున్న గుర్తు తిరుగుతూ తిరుగుతూ ఆగింది.

మత్స్య-బి వరసలో మూడు గడులు ఎర్రబడతాయని పుణ్యవతికి తెలుసు. వాటికోసమే చూస్తోంది. ఎర్రబడ్డాయి. ఆ తర్వాత పైవరసలో రెండు. కింది వరసలో రెండు. ఆపైన ఒక్కో వరసా ఎర్రబడుతూ పోయింది. ఏడు ప్లాట్‌ఫారాల్లో ఒక్కటి కూడా మిగల్లేదు. ఆమె కుర్చీ చేతిని పట్టుకుంది. మత్స్య-బి లో ఎవరో ఒక పెద్దమనిషి చేసిన పాపం అనుకుంది ఇంతవరకు. అందరి పద్ధతీ అదేనన్నమాట. సముద్రం మీద ప్రతిచోటా ఒక తిమ్మప్ప ఉన్నాడు.

రిసెప్షన్ నుంచి ఫోనొస్తే ఎవరో ఎత్తి, కేకు వచ్చిందంట సార్ అని గొణిగారు. గిరీష్ ఆ మాట వినలేదు.

"ఎవురు జేసిండేది ఇది?" అన్నాడు. ఇన్నేళ్ళలో అతని నోట సొంతూరి మాట ఆ ఆఫీసు వినడం అదే మొదలు.

"నేను," అంది పుణ్యవతి. నిబంధన ఏమిటో రెండు ముక్కల్లో చెప్పింది.

గిరీష్ వెంటనే సర్దుకుని వీడియోవైపు తిరిగాడు. చిన్న సాంకేతిక లోపమనీ, నిన్న పెట్టిన ఒక మార్పు వల్ల లెక్క తప్పిందనీ, ఒక్క నిమిషంలో వెనక్కి తీసేస్తామనీ చెప్పాడు. వెనక్కి తీసే అభ్యర్థన తనే పెట్టి, ఆమోదించమని మహేందర్‌కి చెప్పాడు. పుణ్యవతి ఎటూ నొక్కదు. ఆమె కాకపోతే నొక్కగలిగేది అతనొక్కడే.

మహేందర్ అలవాటుగా మౌసుమీద చెయ్యి వేశాడు. కానీ గదిలో అందరూ తనవైపే చూస్తుండడం వల్లనో, నిన్నటి ఆమె చూపు గుర్తొచ్చో, నొక్కే ముందు ఆగాడు. నిబంధన తెరిచాడు. చదివాడు. పెదవులు కదులుతుండగా, బడిలో పాఠం చదివినట్టు మెల్లగా చదివాడు. తర్వాత మత్స్య-బి గడులు తెరిచి ఒక్కో పేజీలో ఉన్న పేరు చూశాడు.

"మహేందర్, నొక్కు," అన్నాడు గిరీష్.

"గీ సత్తిరాజు ఒక్కడే మూడు జాగలల్ల ఎట్ల ఉంటడు సార్?"

"అది తర్వాత చూద్దాం. నువ్వు ముందు నొక్కు."

మహేందర్ మౌసుమీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నేను నొక్క సార్. గిప్పుడే చదివిన."

నీ హక్కులు తీసేసి సాయంత్రానికల్లా ఇంకొకరికి ఇస్తానని గిరీష్ పళ్ళ మధ్యనుంచి అన్నాడు. మహేందర్ చెమట తుడుచుకున్నాడు.

"ఇయ్యుర్రి సార్. ఆళ్ళకు గూడ జదువుమని చెప్పుర్రి."

అంతవరకు కదలకుండా కూర్చున్న యజ్ఞనారాయణ గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. గిరీష్ గారూ, ఒక్క నిమిషం ఆగండి అన్నారు. పక్కనున్న వేరే ఫోను తీసి మత్స్య-బి కి కలిపారు. అవతల ఎవరో ఎత్తారు. సత్తిరాజు ఇప్పుడు ఎక్కడున్నాడో కనుక్కుని చెప్పమన్నారు. చాలాసేపు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఎదురుచూశారు. గచ్చిబౌలి ఫ్లైఓవరు మీది హారన్లు అద్దాల్లోంచి సన్నగా వినిపిస్తున్నాయి. జవాబు వచ్చింది. ఆయన ఫోను దించారు.

"నిద్రపోతున్నాడంటండి," అన్నారు చివరికి. "రాత్రంతా డ్యూటీ చేశాడంట."

నిన్నటి తెర అయితే ఈ క్షణంలో కూడా ఆ మూడు గడులూ పచ్చగా ఉండేవి. గదిలో ప్రతి ఒక్కరికీ ఆ సంగతి అర్థమైంది. ముఖ్యమైన మూడు గడులు ఒకేసారి ఎర్రబడితే ఉత్పత్తి ఆపేయాలన్న నియమం క్లయింటుదే, వాళ్ళు రాసుకున్నదే. యజ్ఞనారాయణ గారు దాన్ని ఎవరూ గుర్తుచేయకముందే మళ్ళీ ఫోనెత్తి, కంప్రెసరు ఆపమన్నారు. అవతలివాళ్ళు ఏదో అంటున్నారు. ఆయన, ఆపమంటున్నానండి, నా పేరు రాసుకోండి, అన్నారు. మిగిలిన ప్లాట్‌ఫారాల సంగతి కూర్చుని మాట్లాడదామని, ఎవరి మొహంలోకీ చూడకుండా వీడియో కట్టేశారు. తిమ్మప్పదే తప్పన్న ఆ నివేదికమీద ఆదివారం ఆయన చదవకుండానే సంతకం పెట్టారో, చదివే పెట్టారో పుణ్యవతికి తెలియదు. నివేదిక చివర ఉన్నది మాత్రం ఆయన సంతకమే.

గిరీష్ ఎవరితోనూ మాట్లాడకుండా తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. కేకు డబ్బా ఎవరో తెచ్చి బల్లమీద పెట్టారు. దాన్ని ఎవరూ విప్పలేదు. మహేందర్ పాత ఆమోదాలన్నీ వరసగా తెరిచి, మొదట్నుంచి చదవడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒకసారి తలెత్తి, మేడం, జర మీరు గూడ ఇటు రావాలె, అని పిలిచాడు. వస్తానంది పుణ్యవతి.

ముందు తన సంతకం కోసం కాచుకుని ఉన్న పేజీ తెరిచింది. మానవ తప్పిదం అన్నదాన్ని కొట్టేసింది. తిమ్మప్ప తన చోటు వదల్లేదనీ, అతనికి మూడు చోట్లు ఇచ్చారనీ, ఇచ్చినవాళ్ళెవరో తేల్చాలనీ రాసి సంతకం పెట్టింది. అది ఎంతదూరం పోతుందో, ఎవరు ఆపుతారో ఆమెకి తెలియదు. రేపు తన కుర్చీ ఉంటుందో లేదో కూడా తెలియదు. కానీ రాసేటప్పుడు చెయ్యి ఎక్కడా ఆగలేదు.

తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి తిమ్మప్పకి ఫోన్ చేసింది. అతను ఊళ్ళోనే ఉన్నాడు, వెనక మేకల అరుపులు వినిపిస్తున్నాయి. నీ తప్పు లేదని రాశానని చెప్పింది. సరే మేడం అన్నాడు, అంతకు మించి నమ్మినట్టు లేదు. వాళ్ళు మళ్ళీ పిలిచే అవకాశం ఉందా అని అడగలేదు. నిన్న అడిగిన మాటే మళ్ళీ అడిగాడు, ఇప్పుడు ఆడ ఎవరున్నారని.

"ఎవరూ లేరు. కంప్రెసరు ఆపేశారు. అన్నీ బాగుచేసేదాకా నడపరు."

మేకల అరుపుల్లో వినబడలేదేమోనని ఆమె ఇంకోసారి చెప్పింది.

"అట్లా ఆపొచ్చునా మేడం?" అన్నాడు తిమ్మప్ప. "మల్ల నేను ఉన్నెప్పుడు ఎందుకు ఆపలేదు?"

అతను నిష్ఠూరంగా అనలేదు. తెలుసుకుందామనే అడిగాడు. వెనక మహేందర్ మళ్ళీ పిలుస్తున్నాడు. పుణ్యవతి కదల్లేదు. అవతల తిమ్మప్ప జవాబు కోసం ఫోను పట్టుకుని అలాగే ఉన్నాడు.